తలుపు అవతలి నుంచి ఒక జోకు

ఏమోయ్,

ఈ కరోనాలోనే ఇవాళ బడి తెరుస్తున్నారు. హెడ్మాస్టరు నిన్ననే ఫోన్ చేశాడు. చెబితే నీకు నిద్ర పట్టదని చెప్పలేదు. తిట్లు దాచిపెట్టు, సాయంత్రం వచ్చి తింటాను.

పెరటి తలుపు దగ్గర బకెట్లో నీళ్లు, సబ్బు, తువ్వాలు పెట్టు. నేను వచ్చేసరికి నువ్వు లోపలి గదిలో ఉండి గడియ వేసుకో. ఇన్‌హేలర్ నీ దిండు పక్కనే ఉంది, వంటింట్లోకి వెళ్లినా వెంట తీసుకెళ్లు. నా పక్క ముందుగదిలోకి మార్చేశాను.

"ఇంట్లో ఆవిడకి ఆయాసం సార్, ఫోన్లోనే పాఠాలు చెబుతాను" అని బతిమాలాను. "ఉన్నది మీరొక్కరే లెక్కల మాస్టారు, మీరూ రానంటే ఎలాగండీ?" అన్నాడు. ఆ లెక్కకి తలొగ్గి సరేనన్నాను. ఇక సగం పిల్లలు గదిలో, సగం పిల్లలు ఫోన్లో, మధ్యలో నేను గోడమీది పిల్లిని. బడి తలుపులు తెరిచి నా నోరు మూశారు!

కాగితం మీద చోటు లేక ఈ ముక్క అంచున ఇరికిస్తున్నాను. సాయంత్రం తలుపు అవతలి నుంచి ఒక జోకు వేస్తాను. ఎంత పాచిపోయిందైనా సరే, చివరిదాకా నవ్వు. "చాలించండి మహానుభావా" అని మధ్యలో ఆపకు. ఆయాసం తగ్గిందని నువ్వు చెబితే నేను నమ్మను. ఈ నెలంతా నీ మీద జోకులు కురిపించింది అందుకే. నీ నవ్వు దగ్గులోకి జారుతుందేమోనని వింటున్నాను.

ఇవాళ్టి నుంచి మధ్యలో తలుపు ఉంటుంది. కాస్త గట్టిగా నవ్వు.