ఏడో మహిళ

తిరుపతి,
రెండో తేదీ

మగ్గం ఆపి చదవాల్సిన అమ్మకు,

ఫోన్లో చెబితే నీకు వినపడదు. మెసేజ్‌లో పట్టే కోపం కాదిది. అందుకే ఉత్తరం.

పోయిన ఏడాది నగరిలో పవర్‌లూమ్ మోతకు చెవులు పోయిన పన్నెండు మంది ఆడవాళ్ళను కూర్చోబెట్టి మాట్లాడించాను కదా, నిన్నూ కలిపి. అవన్నీ రాసిస్తే మా గైడు దామోదరం సారు కాగితాలు తన దగ్గరే ఉంచుకుని, "మాటలు పరిశోధన గాదమ్మా, లెక్కలు తీసుకొని రా" అన్నాడు. నోరు మూసుకుని మూడు వందల మందికి ప్రశ్నపత్రాలు పంచాను.

నిన్న లైబ్రరీ డేటాబేస్‌లో ఇలాంటి పరిశోధనలు వెతికాను. పవర్‌లూమ్, చెవుడు అని కొడితే అన్నీ శాతాలూ పట్టికలే. 'ఇంటర్వ్యూ' అనే మాట కూడా కలిపి, ఈ ఏడాదివి మాత్రమే చూపమన్నాను. ఒక్కటే వచ్చింది. రాసింది దామోదరం. లోపల "ఏడో మహిళ" అన్నదట: "పోగు తెగితే అతుకుతాను. సెవులు పోతే దేంతో అతికేది?" ఇంగ్లీషు చొక్కా తొడిగినంత మాత్రాన నీ మాటను నేను గుర్తుపట్టనా? నా జాబితాలో ఏడోదానివి నువ్వే. నా పేరు ఎక్కడా లేదు, చివర కృతజ్ఞతల్లో కూడా.

ఏడవలేదమ్మా. ఒళ్ళు మండిపోయింది. పదిహేనో తేదీ సెమినార్లో ఆయన ఇదే చదువుతాడు. నీ గొంతు తేదీతో సహా నా ఫోన్లో ఉంది. అందరి ముందూ వినిపించి, ఆయన తల దించుకుంటుంటే కళ్ళారా చూడాలి. నా పీహెచ్‌డీ పోతే పోనీ. కానీ నీ పేరు బయటపెట్టనని నీకు సంతకం చేసి ఇచ్చాను. నువ్వు వద్దంటే పళ్ళు బిగించుకుని ఊరుకుంటాను.

నీ ఉదయ

నగరి,
ఏడో తేదీ

ఉదయా,

నీ జాబు మగ్గం ఆపకుండానే సదివినాను. మద్దెలో పోగు తెగింది, అతికినాను.

ఆయప్ప మనింటికి రాలేదు, మన గడప తొక్కలేదు, నా మాట మాత్రం ఎత్తుకోని పోయినాడు. నేను సిగ్గుపడతానేమోనని నువ్వు పేరు దాసినావు. ఆ మరుగులో దొంగ దాక్కుంటానంటే నేను ఒప్పుకోను. ఏడో మహిళ అంటే ఎవురు? చౌడేశ్వరమ్మ అని పెద్ద అచ్చరాలతో రాయి.

ఫోన్లో గొంతు ఎందుకు, నేనే వస్తాను. పుత్తూరు మీద బస్సు ఉండాది. ముందు వరసలో కూసోబెట్టు. ఆయప్ప సదివేది అయిపోతానే నా సెయ్యి గిల్లు. లేసి నా మాట నేనే సెప్తాను.

నన్ను ఆపాలని సూస్తాడు. సూడనీ. ఎంత అరిసినా నాకు యినపడదు గదా.

మీ అమ్మ,
చౌడేశ్వరమ్మ