వెనక సీటులో బరువు

1979 అక్టోబర్ 15

కొత్త కారు ఇంటికొచ్చింది. చిన్నది, లేత ఆకుపచ్చ, ఈ ఏడాదే మార్కెట్లోకి దిగిన మోడల్. ఇంజిన్ వెనక చక్రాల్ని కాక ముందు చక్రాల్ని తిప్పుతుందట. గోర్డీ షోరూంలో దాని చుట్టూ తిరిగినవాళ్ళేగాని కొన్నవాళ్ళు లేరు. మా దగ్గర అంతే. కొత్త మోడల్ ఏదొచ్చినా మెయిల్ మోసే మనిషి కింద ఒక చలికాలం నలగాలి. మంచు కరిగాక కూడా అది కదులుతుంటే అప్పుడు మిగతావాళ్ళు షోరూంకి వెళ్తారు. ఆ మెయిల్ మోసే మనిషిని నేనే. పాత వ్యాగన్ అడుగు తుప్పుపట్టి ఊడిపోయింది. సొంత కారు లేకపోతే నాకు ఉత్తరాలు పంచే రూట్ ఉండదు.

రేయినో బానెట్ ఎత్తి, ఇదేంటే హెల్వీ, ఇంజిన్ అడ్డంగా పడుకుంది, దీనికప్పుడే నిద్రొచ్చిందా అన్నాడు. ముప్పొద్దులా ఇనుప గనిలో యంత్రాలు విప్పే మొగుడు అలా అంటే నవ్వూ వచ్చింది, భయమూ వేసింది.

అక్టోబర్ 16

ముందు సీటు బెంచీలా ఒకటే. అది చూసే కొన్నాను. స్టీరింగ్ ఎడమవైపున్నా, బాక్సులు రోడ్డుకి కుడి పక్కన కాబట్టి నేను కుడివైపు కూర్చోవాలి కదా. ఎడమ చెయ్యి స్టీరింగ్ మీద, ఎడమ కాలు అడ్డంగా చాపి పెడల్స్ మీద, కుడి చేత్తో రోడ్డు పక్క బాక్సుల్లో ఉత్తరాలు. కొత్తవాళ్ళెవరైనా చూస్తే స్టీరింగ్ వెనక ఎవరూ లేరు, దెయ్యం నడుపుతోందంటారు. నడుం పట్టేసింది. కారు మాత్రం హాయిగా పోయింది.

అక్టోబర్ 28, ఆదివారం

నా స్నేహితురాలు ఐలిని ఎక్కించుకుని గుట్ట అవతల వృద్ధుల హోంకి వెళ్ళాను. వాళ్ళాయన టౌనో వేసవి నుంచీ అక్కడే. మనిషి దుక్కలా ఉన్నాడు, మతి జారిపోతోంది. నన్ను మా అమ్మ పేరుతో పిలిచాడు. ఐలిని మాత్రం గుర్తుపట్టి, పొయ్యిలో కట్టెలు వేసొచ్చావా అనడిగాడు.

 తిరిగొస్తూ ఐలి, వారానికోసారి వెళ్తుంటే ఆయన నన్ను వారానికోసారి మర్చిపోతున్నాడే, రోజూ కనపడితే గుర్తు పెట్టుకుంటాడేమో అంది. ఈ కారు నాలాంటి పిరికిది నడపగలదా అనీ అడిగింది. ఇంకా మంచే పడలేదు, ఆగు తల్లీ అన్నాను.

నవంబర్ 21

మొదటి పెద్ద మంచు. ఒక్క తిప్పుకే స్టార్ట్ అయింది. గుట్ట ఎక్కుతుంటే ముందు చక్రాలు పట్టుకు లాగాయి. పాత వ్యాగన్ అయితే అక్కడ చతికిలపడేది. బాక్సుల దగ్గర జనం కాచుకుని ఉంటున్నారు, ఉత్తరాల కోసం కాదు. నీ కప్ప ఏమంటోందే హెల్వీ, బతుకుతుందా అని ఒకడు. ఇంకా గెంతుతోంది, నీకంటే నయం అన్నాను.

డిసెంబర్ 6

రూట్ చివర, రంపపు మిల్లు దగ్గర, బ్రేక్ తొక్కితే కారు తోక పక్కకి తిరిగింది. రోడ్డుకి అడ్డంగా నిలబడ్డాను. ఎవరూ రాలేదు కాబట్టి సరిపోయింది. కాలు మొద్దుబారి ఉంది. గట్టిగా తొక్కేసి ఉంటాను.

డిసెంబర్ 14

మళ్ళీ అక్కడే. పొద్దున అదే మంచు మీద ఏ గొడవా లేదు. కారు అదే, రోడ్డు అదే. మధ్యాహ్నానికి మారేది నా కాలు ఒక్కటే. అలా అడ్డంగా చాపి పొద్దంతా తొక్కితే ఎవరి కాలికైనా బుద్ధి ఉండదు.

రేయినోకి చెప్పలేదు. చెబితే వయసైపోయింది, ఇక రూట్ వదిలెయ్యవే అంటాడు. గనిలో మనుషుల్ని తీసేస్తారంటున్నారు. రూట్ పోతే ఏం తింటాం?

డిసెంబర్ 25

టౌనో ఐలిని చూసి, ఎవరమ్మా మీరు అన్నాడు.

1980 జనవరి 9

ఐలి యాలకుల రొట్టె పట్టుకుని వచ్చింది. కాఫీ చల్లారిపోయేదాకా తాగలేదు. హెల్వీ, ఒక్క మాట చెప్పు, కొననా వద్దా అంది. రేయినో అక్కడే ఉన్నాడు. పద్ధతి పద్ధతే, మంచు కరగనీ ఐలీ, ఏప్రిల్ దాకా ఓపిక పట్టు అన్నాడు. ఏప్రిల్‌కి నేనెవరో ఆయనకి తెలియదు రేయినో అంది ఐలి. మెల్లగా అంది. ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది.

రేయినో నా వైపు తిరిగి, నువ్వు నడుపుతున్నావు కదా, దాంట్లో ఏమైనా తేడా ఉందా అన్నాడు.

మిల్లు దగ్గరి సంగతి నోటిదాకా వచ్చింది. కానీ అది నా కాలు తప్పు కదా. ఐలి సరిగ్గా ఎడమవైపు కూర్చుని, అందరిలా కుడి కాలితో నడుపుతుంది. నా అవిటి తొక్కుడుకి ఆ కారు మీద నింద ఎందుకు వెయ్యాలి? ఏ తేడా లేదు, కొనుక్కో అన్నాను.

ఐలి నా రెండు చేతులూ పట్టుకుంది.

జనవరి 14

ఐలి కారు నీలం. హారన్ కొట్టుకుంటూ మా ఇంటి ముందు రెండుసార్లు తిరిగింది. పిరికిదట! దిగి, నీ మాట మీదే కొన్నానే, చెడితే నిన్నే తోయమంటాను అంది. గోర్డీ నాకు ఫోన్ చేసి, ఇంకో నలుగురు అడుగుతున్నారు, నీకు కానుకగా పంది మాంసం పంపిస్తానన్నాడు. వద్దన్నాను. లోపల సంతోషంగానే ఉంది.

జనవరి 25

ఐలి రోజూ వెళ్తోంది. నిన్న టౌనో కిటికీ దగ్గర నిలబడి, అదుగో నీలం కారు, మా ఆవిడ వస్తోంది అన్నాడట. బాక్స్ దగ్గర నన్ను ఆపి ఆ మాట మూడుసార్లు చెప్పింది. మూడోసారికి నాకూ కళ్ళనీళ్ళొచ్చాయి. మంచి పని చేశాననిపించింది.

ఫిబ్రవరి 5

గుట్ట దిగుతుంటే. కలప లారీ ఎదురొచ్చింది. ఐలి బ్రేక్ వేసిందట. వెనక భాగం ముందుకొచ్చిందట. కబురు చెప్పడానికొచ్చిన లారీవాడు మా వంటింట్లో కూర్చుని ఏడ్చాడు. ఆవిడ మెల్లగానే వస్తోందమ్మా, తప్పుకోడానికి నాకు చోటు లేదు అన్నాడు.

ఐలి పోయింది.

ఫిబ్రవరి 6

రాయలేను.

ఫిబ్రవరి 10, ఆదివారం

నిన్న అంత్యక్రియలు. భూమి గడ్డకట్టింది కాబట్టి పెట్టెను స్మశానం గదిలో ఉంచారు. మంచు కరిగాక పూడుస్తారు. ఐలి కూడా ఏప్రిల్ దాకా ఆగాలి.

ఇవాళ రేయినోకి మిల్లు సంగతి చెప్పాను. తిడతాడనుకున్నాను. కోటు వేసుకుని, కారు తియ్యవే అన్నాడు. గడ్డకట్టిన చెరువు మీదికి తీసుకెళ్ళాడు. మామూలుగా ఎడమవైపు కూర్చుని, కుడి కాలితో, మెల్లగా బ్రేక్ తొక్కాడు. కారు తోక గిర్రున తిరిగింది. నా కాలు కాదు. నా కాలు కాదు!

తర్వాత దారి మీద చల్లే ఇసుక బస్తాలు తెచ్చి వెనక సీటులో పేర్చాడు. మళ్ళీ తొక్కాడు. కారు తిన్నగా ఆగింది.

వెనక బరువు లేకపోతే వెనక చక్రాలు ముందే బిగుసుకుని జారుతున్నాయే, చేసినవాళ్ళు బరువంతా ముందువైపే పెట్టి చచ్చారు అన్నాడు. పొద్దున నీ వెనక సీటు నిండా మెయిల్, అందుకే ఏం కాలేదు. మిల్లు దగ్గరికొచ్చేసరికి ఖాళీ. అంతే కదా అన్నాడు.

ఐలి వెనక సీటు ఎప్పుడూ ఖాళీయే. మహా అయితే టౌనో కోసం ఉతికి తీసుకెళ్ళే చొక్కాలు.

నాకు తెలియాల్సింది. మెయిల్ బస్తాలు ఎత్తేది నేను, దించేది నేను. నా ముసలితనం బయటపడుతుందని నోరు మూసుకున్నాను. దాచకపోతే రేయినో ఆరోజే చెరువు మీదికి తీసుకెళ్ళేవాడు. ఆరోజే.

ఫిబ్రవరి 11

వెనక సీటులో ఇసుక వేసుకునే రూట్‌కి వెళ్ళాను. ప్రతి బాక్స్ దగ్గరా మనిషి కనపడితే ఆపి చెప్పాను. కొనొద్దు, కొన్నవాళ్ళు ఇసుక వెయ్యండి. గోర్డీ ఫోన్ చేసి, నా కొంప ముంచుతున్నావు హెల్వీ అన్నాడు. ముంచుతాను అన్నాను. ఐలి బాక్స్ దగ్గర ఆగలేదు. ఆమెకి ఉత్తరం ఉంది. వెనక్కి తెచ్చాను.

ఫిబ్రవరి 24, ఆదివారం

హోంకి వెళ్ళాను. ఎవరో ఒకరు వెళ్ళాలి కదా. టౌనోకి చెప్పారట, విన్నాడట, మర్నాటికి మర్చిపోయాడట. మళ్ళీ చెప్పకండి, ప్రతిసారీ కొత్తగా ఏడుస్తున్నాడు అంది నర్సు. కిటికీ దగ్గరే కూర్చుని ఉన్నాడు.

మార్చి 2, ఆదివారం

టౌనో నన్ను చూసి, మెయిల్ మోసే అమ్మాయివి కదా అన్నాడు. మా ఆవిడ కొత్త కారు కొంటానంటోంది, నువ్వు నడిపావట, బాగుంటుందా అని అడిగాడు.

బాగోదు అన్నాను.

అయితే కొనొద్దని చెప్పమ్మా, నాకేం తొందర లేదు, మంచు కరిగాకే రమ్మను అన్నాడు.

చెబుతానన్నాను.