నీళ్లు తీసేసి తూకం

స్టోరు గుమస్తాగారికి,
మూడో అంతస్తు రీసెర్చి విద్యార్థిని మండిపడుతూ రాస్తున్నది:

ఫేస్ షీల్డు కోసం ఇది నాలుగో అర్జీ. నేను తయారుచేసే జినాన్ ట్రైయాక్సైడ్ నీళ్లలో ఉన్నంతసేపే బుద్ధిగా ఉంటుంది. ఎండాక ముట్టుకుంటే పేలుతుంది. శుక్రవారం ఎగ్జామినర్ వస్తున్నారు. షీల్డు లేనిదే ఆయన ముందు ప్రయోగం చెయ్యనివ్వనని మా ప్రొఫెసరమ్మ భీష్మించుకుంది. నా ఏడు నెలల చాకిరీ మట్టిపాలు.

ఓపిక నశించిన,
అర్జీదారు

తా.క. షీల్డు మీ గదిలోనే ఉంది. మీ గొడుగు వేలాడే మేకుకే!

*

అమ్మాయికి ఆశీస్సులు.

జినాన్ జడవాయువు. దేనితోనూ కలవదని తొమ్మిదో తరగతిలోనే చదువుకున్నాను. కలవనిది పేలుతుందా? ఊరికే షీల్డు ఇచ్చేస్తే ఆడిట్ వాళ్లు నా తాట తీస్తారు. ముందు సరుకు పంపు. తూచి, రిజిస్టరుకెక్కించి, ఆపైన చూద్దాం.

ఇట్లు,
స్టోరు

తా.క. చేతిరాత ముత్యాల్లా ఉంది. కోపం తగ్గిస్తే ఇంకా బాగుంటుంది.

*

అయ్యా,

నా చేతిరాత జోలికి రాకండి. మీ తొమ్మిదో తరగతి తర్వాత కూడా లోకంలో పుస్తకాలు అచ్చయ్యాయి! జినాన్‌కీ ఆక్సిజన్‌కీ నేను కట్టబెట్టింది బలవంతపు కాపురం. సందు దొరికితే వీధంతా వినబడేలా విడిపోతాయి. సీసాలో నాలుగు చుక్కలు పంపుతున్నాను. చూసి తిప్పి పంపండి. మూత తీయకండి.

పళ్లు నూరుతూ,
అర్జీదారు

తా.క. మూత తీయకండి.

*

అమ్మాయికి,

మూత తీశాను. తడి తరుగు తీసేసి తూచడం స్టోరు పద్ధతి. నీళ్లను కూడా సరుకని ఎక్కిస్తే రేపు అందరూ తడిపిన సరుకే పంపుతారు. చుక్కలు పళ్లెంలో పోసి కిటికీలో ఎండబెట్టాను.

నిబంధనలకు లోబడి,
స్టోరు

తా.క. నీ ఎగ్జామినర్ ఒకరోజు ముందే దిగారు. నా గదిలో టీ తాగుతున్నారు. ఇదంతా ఉత్త కాగితాల కెమిస్ట్రీ అని ఆయన అనుమానం. నాదీ అదే.

*

మహానుభావా!

పళ్లెం ముట్టుకోకండి! ఇక్కడ వదిలి రాలేని ప్రయోగం నడుస్తోంది, లేకపోతే నేనే వచ్చి మీ చెయ్యి పట్టుకుని లాగేదాన్ని! ఈ చీటీ తలుపు కిందనుంచి తోసేసి పారిపొమ్మని స్వీపరమ్మకి చెప్పాను.

*

అమ్మగారికి నమస్కారాలు.

తమరి చీటీ అందింది. చదువుదామని కిటికీలో పెట్టి కళ్లజోడు వెతుక్కుంటూ, ఈలోగా చీటీ ఎగిరిపోకుండా దానిమీదికి పళ్లేన్ని స్కేలుతో నెట్టాను.

ఇప్పుడు పళ్లెం లేదు. కిటికీ అద్దం లేదు. స్కేలు సగం ఉంది. టీ కప్పు పిడి మాత్రం ఎగ్జామినర్ గారి వేలికి ఉంది. ఇద్దరం క్షేమం. ‘పదార్థం ఉన్నది. నిరూపణ అయినది. మళ్లీ చూపనక్కర్లేదు’ అని ఆయన బల్లకిందనుంచే రాసి సంతకం పెట్టారు. జతపరిచాను. తూకం సున్నా అని ఎక్కించాను. షీల్డు మంజూరైంది.

ఇట్లు తమ విధేయుడు,
స్టోరు

తా.క. షీల్డు ఎగ్జామినర్ గారి మొహాన ఉంది. ఎంత చెప్పినా తీయనంటున్నారు. తమరు మళ్లీ అర్జీ పెట్టుకోగలరు.