మామ కట్టిన దారం

కోవిల్‌పట్టి

విరుదునగర్ అన్నకు,

నీ మేనల్లుడు సరవణ మళ్లీ మత్తుసూది వేసుకున్నాడు. మత్తు మాన్పించే సెంటర్లు రెండింటిలో ఉంచినా నిలవలేదు. రోజూ మాత్ర వేసుకుంటే నిలబడతాడని, చాలాకాలం పాటు మాత్ర మానకూడదని పెద్దాసుపత్రి డాక్టరమ్మ అంటోంది. కిందటిసారి నువ్వు గుడిలో సూది ముట్టనని ఒట్టు వేయించి వాడి చేతికి దారం కట్టి, "ఇంక మాత్రలెందుకు, సామి సూసుకుంటాడు" అన్నావు. నీ మాట మీద ఆపేశాం.

ఇప్పుడు మాత్ర ఇస్తే నోరు తెరవడం లేదు. "ఒట్టు తప్పినానమ్మా. మామ కట్టింది మామే ఇప్పాల, అప్పుడు మింగతా" అంటున్నాడు.

శుక్రవారం బస్సెక్కి రా. వాణ్ణి తిట్టకు. నువ్వు దారం కట్టిన కుడిచేత్తో వాడు సూది పట్టలేదన్నా. అలవాటు లేని ఎడమచేత్తో కాలికి పొడుచుకున్నాడు. కాలంతా పుండ్లే.

నీ చెల్లెలు