సింకు పక్కన గ్లాసు ఈగలది

మరిదిగారూ,

నాకు డ్యూటీ టైమైపోతోంది, నీ గురక ఇంకా ఆగలేదు, అందుకే రాసిపెడుతున్నా. నువ్వు టీ పులియబెట్టే ఆ కొంబుచా జాడీ చుట్టూ పళ్ల మీద ముసిరే చిన్న ఈగలు మళ్లీ చేరాయి. నువ్వు కట్టిన పల్చటి గుడ్డలోంచి అవి దర్జాగా దూరిపోతాయి. దాన్ని తీసేసి, దట్టమైన గుడ్డ వేసి రబ్బరు బ్యాండు బిగించాను. అది నీ ఇస్త్రీ రుమాలే, వెతుక్కోకు. లేవగానే లోపల తెట్టు మీద పురుగులున్నాయేమో చూడు. ఒక్కటి కనబడినా మొత్తం పారబొయ్యి. "పైపైన తీసేస్తే చాలు వదినా" అని కబుర్లు చెప్పకు.

సింకు పక్కన స్టీలు గ్లాసులో ఉన్నది ఈగలకు ఎర. బాగా పులిసిన కొంబుచాలో గిన్నెలు తోమే సబ్బు చుక్క వేశాను. తాగొద్దు.

ఎందుకు చెప్తున్నానంటే, నిన్న మీ అన్నయ్య ఆఫీసు నుంచి వస్తూనే "నాకోసం పెట్టావా?" అంటూ అలాంటి గ్లాసే ఎత్తి గడగడా తాగేశారు. నయం, అప్పటికింకా ఈగలు పడలేదు. నేను నోరు తెరిచేలోపే మూతి తుడుచుకుని, "అబ్బ, ఏం కలిపావోగానీ అదిరింది" అన్నారు. పెళ్లయ్యాక నా చేతి రుచిని ఆయన మెచ్చుకోవడం అదే మొదటిసారి. ఇంక నిజం చెప్పబుద్ధి కాలేదు. నువ్వు గనక నోరు విప్పావో, రేపట్నుంచి నీ కాఫీ నువ్వే పెట్టుకో.

మరిచాను. సాయంత్రం ఆయన మళ్లీ అడుగుతారు, ఫ్రిజ్‌లో సీసాలో ఉన్న మంచి కొంబుచానే పోసివ్వు. "నిన్నటి రుచి రాలేదే" అని వంక పెడితే, సబ్బు సీసా కిటికీలో ఉంది.

వదిన