చప్పుడు లేని పని

శాంతి నగర్, భివండి

ఓదెమ్మకు, నేను బాగానే ఉన్నాను. ఇన్నేళ్లు బట్ట నేసిన సాంచల మోతకు చెవులు మందగించి ఫోన్‌లో నీ మాట తెలియడం లేదు, అందుకే కార్డు. ఇప్పుడు చేసేది నువ్వనుకున్నట్టు మురికి మోరీలు తీసే పని కాదు. రంగుల కార్ఖానా మురికినీళ్లు రెల్లు నాటిన మడిలోకి వస్తాయి. బురదలో కంటికి కనిపించని పురుగులు ఆ మురికి తిని కరెంటు పుట్టిస్తాయి, దాంతో చిన్న బల్బు వెలుగుతుంది. సాంచల మనిషిని కదా, చప్పుడూ అదురూ లేకపోతే పని నడుస్తుందని నమ్మకం కుదరదు. పోయిన నెల కర్రతో మడంతా కలియబెట్టాను. బల్బు ఆరిపోయింది.

"కాకా, గాలి తగిల్తే అవి పని చెయ్యయి. గట్లనే ఉండనియ్యి" అని ఇంజనీరు నమ్రత చెవిలో అరిచి చెప్పింది, తిట్టలేదు. తొమ్మిదో రోజు మళ్లీ వెలిగింది.

పైకప్పు రేకులు మార్పించావా? మన బిడ్డ అనురాధకు దీవెనలు. రెండు నెలలుగా నా కార్డులకు నీ జవాబు లేదు. ఆ మడిలాగే నిన్నూ నేనిక కదపను. నీకు రాయాలనిపించినప్పుడే రాయి.

లస్మయ్య