కోటు భుజం కొలత

వదినా,

ఎలా ఉన్నావని అడగడానికి నాకు మొహం చెల్లడం లేదు. ఫోన్లో అయితే మళ్లీ ఏదో అనేస్తానని రాస్తున్నాను.

ఎనిమిది నెలల కింద, "షాపు నాది, ఇకనుంచి కౌంటర్లో నేనే కూర్చుంటా" అన్నాను. వచ్చినవాళ్లంతా నిన్నే మెచ్చుకుంటుంటే ఓర్వలేకపోయాను. నువ్వు ఆర్డర్ల పుస్తకం నా చేతిలో పెట్టి వెళ్లిపోయావు. ఆ వారమే బట్టలు కత్తిరించడానికి ఒక మాస్టర్ని పెట్టాను. నాకొచ్చిన ఒక్క పనీ ఆయనకిచ్చేసి, రాని పని నేను నెత్తినేసుకున్నాను. ఇంత తెలివి ఎవరికుంటుంది చెప్పు!

నా నోటి సంగతి నీకు తెలుసుగా. నిన్న ఒకావిడ, "లావయ్యానా?" అని అడిగింది. అయ్యారన్నాను. గుడ్డ తీసుకుని వెళ్లిపోయింది. నువ్వైతే ఆవిణ్ణి నవ్వించి రెండు కోట్లు కుట్టడానికి ఆర్డర్ తీసుకునేదానివి.

లోపలి గదిలో కత్తెర చప్పుడు వినిపిస్తే నా చేతులు ఊరుకోవడం లేదు వదినా. వచ్చే నెల మాస్టరు సొంత షాపు పెట్టుకుంటున్నాడు. ఆ కత్తిరింపు బల్ల దగ్గరికి మళ్లీ నేను వెళ్లిపోతాను. కౌంటర్ నీది. అక్కడ నీ మాటే మాట, నేను తల దూర్చను.

ఆదివారం షాపు మూసి ఉంటే, నీలం గుడ్డ పరిచి నీకు కోటు కత్తిరించడం మొదలుపెట్టాను. నీ కొలతలు పుస్తకం చూడకుండానే గుర్తొచ్చాయి. భుజం దగ్గరికొచ్చి ఆగిపోయాను. నువ్వు చిక్కిపోయావని అన్నయ్య చెప్పాడు.

ఒకసారి వచ్చి కొలత ఇచ్చి వెళ్లు. వెళ్లకపోతే ఇంకా మంచిది.

నీ ఆడపడుచు